"ఆధారమేది నాన్నా?" అని అడిగే అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి బీఏ హిస్టరీ పూర్తయింది. బౌద్ధ అధ్యయనాల్లో ఎంఏ, ఆపైన పీహెచ్‌డీ అంటోంది. ఆచార్య నాగార్జునుడు నాగార్జునకొండలో విశ్వవిద్యాలయం నడిపాడని నేనంటే "ఆధారమేది నాన్నా?" అంటుంది. నెట్‌లో ఏవేవో చదివి చెడిపోతుందేమోనని భయం. ఎంబీఏ మేలా, ఈ ఎంఏ మేలా? పోనీ భారతీయ జ్ఞాన వ్యవస్థల మీద మూణ్ణెల్ల ఆన్‌లైన్ సర్టిఫికెట్ చేయించి, ఏదో జర్నల్లో పేపరు వేయిస్తే చాలదా? - ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: అయ్యా, ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. సబ్జెక్టు మారుతుంది, పిల్ల ఎటూ కాకుండా పోతుందేమోనన్న దిగులు మాత్రం మారదు. కానీ మీ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. మీకు రుచించలేదు, అంతే.

నాగార్జునుడి సంగతే చూడండి. సాగర్ నీళ్లు ముంచేలోగా 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వారు. మూడు, నాలుగు శతాబ్దాల్లో అక్కడ ఏలిన ఇక్ష్వాకు రాజుల ప్రాకృత శాసనాల్లో దానాలిచ్చిన రాజవంశపు స్త్రీలున్నారు, భిక్షువుల శాఖలున్నాయి. నాగార్జునుడి పేరు లేదు. జగ్గయ్యపేటలో దొరికిన ఒక శాసనం భదంత నాగార్జునాచార్యుడి శిష్యుడికి శిష్యుడు బుద్ధ విగ్రహం పెట్టించాడంటుంది. లిపిని బట్టి చూస్తే అది ఇక్ష్వాకులకు శతాబ్దాల తర్వాతిది. మరి ఆ నాగార్జునుడూ ఈయనా ఒకరేనా? టిబెట్‌లో తారానాథుడు బౌద్ధ చరిత్ర రాసింది 1608లో. ఆయన కాలానికి అక్కడివాళ్లు నాగార్జునుణ్ని ఎలా తలుచుకునేవారో చెప్పడానికి అది గట్టి ఆధారం. ఇక్ష్వాకుల నాటి పల్నాటి గురించైతే బలహీనమైనది. ఈ తేడా పట్టుకోవడమే ఆ చదువు. దీనికీ మీ భక్తికీ పేచీ లేదు.

అమ్మాయికి చెప్పండి, ముందు మూలం దగ్గరికి వెళ్లమని. నాగార్జునకొండ శాసనాలను వోగెల్ అనే డచ్చి పండితుడు ప్రచురించింది, శాసనాలను అచ్చువేసే ఎపిగ్రాఫియా ఇండికా 20వ సంపుటంలో. మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ వెబ్‌సైట్లో అవి బోలెడు, అన్నీ మంచివి కావు. ఫుట్‌నోటు పట్టుకుని వెనక్కి నడవాలి. మూడు పుస్తకాలూ ఒకే పాత పుస్తకాన్ని చూసి రాసినవైతే, సాక్షి ఒక్కడే. చాట్‌బాట్ చెప్పిన పుస్తకం అసలు ఉందో లేదో లైబ్రరీ క్యాటలాగులో చూసుకోవాలి. లేని పుస్తకాలను పేజీ నంబర్లతో సహా చెప్పడం దానికి అలవాటు.

ఆ సర్టిఫికెట్ల మీద నాకు గురి లేదు. విషయం చెడ్డదని కాదు. వీడియోలు చూసి, టిక్కులు పెట్టి తెచ్చుకున్న కాగితంతో నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఒక్క శాసనమైనా మూలంలో చూసినవాళ్లు తక్కువ. పాళీ గానీ ప్రాకృతం గానీ ఒక ఏడాది నేర్చుకోవడం అంతకంటే ఎంతో మేలు.

ఇక "పేపరు వేయిస్తే" అన్నారు చూశారా, అక్కడ నాకు కోపమొచ్చింది. డబ్బు కడితే వారంలో అచ్చేసే చోట దాన్ని చదివేవాడు ఉండడు. నమ్మదగ్గ జర్నళ్లంటూ యూజీసీ ఇచ్చే కేర్ జాబితాను కూడా 2025లో ఎత్తేసింది. సంపాదకులెవరు, రాసింది మరో పండితుడు పరిశీలిస్తాడా అన్నది ఇక మనమే చూసుకోవాలి. రేపు ఇంటర్వ్యూలో ఆ పేపరు గురించి అడిగితే తలదించుకునేది మీరు కాదు, ఆ పిల్ల.

ఎంబీఏ? ఆమె అడగలేదు, మీరడిగారు. అధ్యాపక ఉద్యోగాలు తక్కువే, దాచను. మ్యూజియాలు, అనువాదం, ప్రచురణ లాంటి పక్కదారులు ఉన్నాయి. వాటిలోనూ జీతం మెల్లగానే పెరుగుతుంది. కానీ విన్నదాన్ని నిలదీసే పిల్ల మోసపోయే రకం కాదు, కాస్త నిబ్బరంగా ఉండండి.

ఒక ఆదివారం ఇద్దరూ లాంచీ ఎక్కి కొండమీది మ్యూజియానికి వెళ్లి రండి. విశ్వవిద్యాలయం కథ మీరు చెప్పండి. అది ఏ రాతి మీద ఉందో ఆమెను వెతకనివ్వండి.