పిన్‌బాల్ ఆడొచ్చిన దగ్గర్నుంచి రాత్రిళ్లు వేళ్లకు తిమ్మిర్లు... నరం దెబ్బతిందా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. రోజంతా కంప్యూటర్ మీదే పని. షుగర్‌కి ఆరేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఈమధ్య సెలవుల్లో మా అబ్బాయితో కలిసి పాతకాలపు పిన్‌బాల్ మెషిన్ల మ్యూజియానికి వెళ్లాను. వాలు బోర్డు మీద జారే బంతి కింద పడిపోకుండా, పక్కనున్న బటన్లు నొక్కి పైకి కొట్టే ఆట అది. టికెట్ కొంటే ఏ మెషిన్ మీదైనా, ఎంతసేపైనా ఆడుకోవచ్చు. దాదాపు ఐదు గంటలు వదలకుండా ఆడాను. ఆ రాత్రి చెవుల్లో ఒకటే హోరు, మర్నాటికి పోయింది. కానీ రెండు వారాలుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అర్ధరాత్రి తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తోంది. చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. మెషిన్‌ని గట్టిగా నెట్టడం వల్ల నరం తెగిందేమోనని భయంగా ఉంది. మళ్లీ తీసుకెళ్లమని మావాడి గోల. వెళ్లొచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: నరం తెగలేదండీ. తెగితే విదిలించినంత మాత్రాన తగ్గదు. మీరు రాసినదాంట్లో నాకు బాగా పనికొచ్చింది ఆ ముక్కే. రెండోది, మీరు చెప్పిన వేళ్లలో చిటికెనవేలు లేకపోవడం. దానికి వెళ్లే నరం వేరు. ఈ రెండూ కలిపి చూస్తే ఇది కార్పల్ టన్నెల్ సిండ్రోమ్‌లా ఉంది. మణికట్టు దగ్గర ఎముకలకూ, వాటిమీద అడ్డంగా ఉండే గట్టి పట్టీకీ మధ్య ఇరుకు దారి ఒకటి ఉంటుంది. వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లూ (కండను ఎముకకు కలిపే తాళ్లలాంటివి), మీడియన్ నరమూ అందులోంచే అరచేతిలోకి వెళ్లాలి. టెండన్ల చుట్టూ వాపు వస్తే నలిగేది నరమే. నిద్రలో మణికట్టు మడతపడటంతో దారి ఇంకా బిగుసుకుంటుంది, అందుకే రాత్రిపూట బాధ.

పిన్‌బాల్ దీన్ని కొత్తగా తెచ్చిపెట్టిందని నేననుకోను. షుగర్ ఉన్నవాళ్లలో ఈ సమస్య ఎక్కువ. లోపల ముందే ఉన్నది ఆ ఐదు గంటలతో బయటపడి ఉంటుంది. మెషిన్ బోర్డు వాలు ఆరున్నర డిగ్రీల దాకా ఉంటుంది, 80 గ్రాముల ఉక్కు బంతి కిందికి జారుతూనే ఉంటుంది. ఇక వేళ్లకు తీరికేదీ? పైగా చాలామంది మణికట్లు వెనక్కి విరిచి, అరచేతుల మీద బరువు మోపి, బటన్‌ని నొక్కిపట్టి వదలరు. (నాకూ ఈ ఆట పిచ్చి ఉంది, నేనూ అలాగే ఆడేవాణ్ని.) నిజానికి నొక్కి వెంటనే వదిలేస్తే సరిపోతుంది, బలంగా నొక్కినంత మాత్రాన ఫ్లిప్పర్ (బంతిని కొట్టే చిన్న తెడ్డులాంటిది) గట్టిగా కొట్టదు. దాన్ని కదిలించేది లోపలి విద్యుత్ కాయిల్, మీ వేలు కాదు.

నెట్టడమూ అంతే. గోడ నిలువు చూసుకోవడానికి తాపీమేస్త్రీ వేలాడదీసే గుండులాంటిదే చాలా మెషిన్లలో ఒక రింగు మధ్య వేలాడుతుంటుంది. మీరు జోరుగా కుదిపితే అది రింగుకి తగులుతుంది, 'టిల్ట్' అని చూపించి ఫ్లిప్పర్లు చచ్చుబడతాయి. మీ మణికట్టుకి అలాంటి ఏర్పాటు లేదు కాబట్టి, టిల్ట్ పడిన ప్రతిసారీ అది మీకూ హెచ్చరికే అనుకోండి.

ఇప్పుడు చెయ్యాల్సింది: మణికట్టు నిటారుగా ఉంచే స్ప్లింట్ మందుల షాపులో దొరుకుతుంది. ఆరు వారాలు రాత్రిపూట పెట్టుకుని పడుకోండి. హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్), థైరాయిడ్ పరీక్షలతో పాటు బీ12 కూడా చేయించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు, పాదాల్లో కూడా తిమ్మిర్లుంటే అది మరీ ముఖ్యం. అలాగని మాత్ర మీ అంతట మీరు ఆపకండి. తిమ్మిరి పగలు కూడా వదలకపోయినా, చేతిలో వస్తువులు జారిపోతున్నా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, బొటనవేలి మొదట్లో కండ తగ్గినట్టు కనిపించినా ఆరు వారాలు ఆగొద్దు. వెంటనే న్యూరాలజిస్టును కలిసి నరంలో సంకేతాలు ఎలా వెళ్తున్నాయో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష చేయించుకోవాలి.

చెవుల హోరు పోయింది కదా అని వదిలేశారు. అదీ లెక్కలోకి తీసుకోండి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలు భరించవచ్చనేది ఒక లెక్క, ఆపైన మూడు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. పదుల కొద్దీ మెషిన్ల గంటలు, టకటకలు ఒకే హాల్లో మోగుతుంటే, చేతికందే దూరంలో ఉన్న మీవాడితో అరిచి మాట్లాడాల్సి వస్తే, పరిమితి దాటినట్టే. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ తీసుకెళ్లండి. సన్నగా నలిపి, చెవిని పైకీ వెనక్కీ లాగి పెట్టుకోవాలి. పిల్లవాడికీ అంతే.

స్ప్లింట్‌తో రాత్రుళ్లు నిద్ర బాగా పడుతుంటే మళ్లీ వెళ్లండి. అరగంట ఆడి, పది నిమిషాలు చూడండి. మ్యూజియంలో చూడ్డానికీ బోలెడుంటుంది. ఫ్లిప్పర్లు వచ్చిందే 1947లో, గాట్‌లీబ్ కంపెనీ 'హంప్టీ డంప్టీ' మెషిన్‌తో. అంతకుముందు బంతిని వదలడం, మెషిన్‌ని కాస్త తట్టడం, అంతే ఆట. మూర్ఛ ఉన్నవాళ్లు మాత్రం గబగబా మిణికే లైట్ల గురించి ముందే తమ డాక్టర్‌ని అడగాలి.

బంతిని వదిలే ప్లంజర్‌ని బొటనవేలు, చూపుడువేలుతో గిల్లినట్టు పట్టుకోకండి. నాలుగు వేళ్లూ చుట్టి, మోచెయ్యి వెనక్కి తీస్తూ లాగండి. కొన్నాళ్లు ఆ పని మీవాడికి అప్పజెప్పినా నష్టం లేదు.