ఎంఆర్ఐ నార్మల్ అయినా పార్కిన్సన్స్ అంటున్నారు.. ట్రోడాట్ స్కాన్ అవసరమా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. ఎనిమిది నెలలుగా కుడి చెయ్యి వణుకుతోంది. ఊరికే కూర్చున్నప్పుడు ఎక్కువ, గ్లాసు పట్టుకుంటే తగ్గుతుంది. నడిచేటప్పుడు ఆ చెయ్యి ఊగడం లేదు. ఎంఆర్ఐ నార్మల్. అయినా డాక్టర్ పార్కిన్సన్స్ తొలి దశ కావచ్చంటున్నారు. ట్రోడాట్ స్కాన్‌లో మెదడు ఎంత శాతం దెబ్బతిందో తెలుస్తుందని బంధువులు అంటున్నారు. చేయించాలా? గ్యాస్‌కి పాంటాప్రజోల్, లెవోసల్పిరైడ్ కలిసిన మాత్ర ఏడాదిన్నరగా వాడుతున్నారు. ఇంకే మందులూ లేవు.
- ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీరు చివర్లో రాసిన గ్యాస్ మాత్ర దగ్గరే మొదలుపెడతాను. మన కదలికలు సాఫీగా సాగడానికి మెదడుకి డోపమైన్ అనే రసాయనం కావాలి. ఆ మాత్రలోని లెవోసల్పిరైడ్ దాన్ని అడ్డుకుంటుంది. నెలల తరబడి వాడితే కొందరిలో అచ్చం పార్కిన్సన్స్ లాంటి వణుకు, బిగుసుకుపోవడం, నెమ్మదించడం కనిపిస్తాయి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, కళ్లు తిరుగుతున్నాయంటే ఇచ్చే సిన్నరిజైన్, మైగ్రేన్‌కి వాడే ఫ్లూనరిజైన్‌తోనూ ఈ ఇబ్బంది ఉంది. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో అదే మాత్ర ఏళ్లకేళ్లు తెచ్చుకోవడం మన దగ్గర మామూలే. ఈ సంగతి న్యూరాలజిస్టుకి చెప్పారా? చాలామంది గ్యాస్ మాత్రను మందుల లెక్కలోనే వేయరు. డాక్టర్‌ని అడిగి దాన్ని మార్పించండి. దాని వల్లే అయితే కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో వణుకు తగ్గుతుంది.

ఎంఆర్ఐ నార్మల్ అని ఊపిరి పీల్చుకోకండి, అలాగని కంగారూ పడకండి. పక్షవాతం, గడ్డ, మెదడులో నీరు చేరడం లాంటివి లేవని చూసుకోవడానికే అది తీస్తారు. పార్కిన్సన్స్ తొలి దశలో మామూలు ఎంఆర్ఐ నార్మల్‌గానే ఉంటుంది. మెదడులో డోపమైన్ తయారుచేసే నల్లకణాల భాగంలో పేరుకున్న ఇనుమును, తగ్గిన మెలనిన్ అనే నల్లటి రంగు పదార్థాన్ని కొలిచే కొత్త ఎంఆర్ఐ పద్ధతులు వస్తున్నా, అవి ఇంకా ఎక్కువగా పరిశోధనల్లోనే ఉన్నాయి.

ట్రోడాట్ వేరు. రేడియేషన్ వెలువరించే టెక్నీషియం కలిపిన మందును కొద్ది మోతాదులో రక్తనాళంలోకి ఎక్కిస్తారు. అది డోపమైన్ నరాల కొసలకు అతుక్కుంటుంది. కొన్ని గంటలాగి, ఆ రేడియేషన్‌ను పట్టే స్పెక్ట్ కెమెరాతో మెదడు ఫొటోలు తీస్తారు. ఆరోగ్యంగా ఉంటే రెండువైపులా కామా ఆకారం కనిపిస్తుంది. పార్కిన్సన్స్‌లో ముందు కామా తోక చెరిగిపోయి చుక్క మిగులుతుంది, అదీ ఒకవైపు ఎక్కువగా. కుడి చెయ్యి వణికితే సాధారణంగా ఎడమ మెదడులో.

ఇక మీ బంధువులు చెప్పిన శాతం సంగతి. రిపోర్టులో అంకె ఉంటుంది, నిజమే. అయితే అది మందు డోపమైన్ నరాలున్న చోట ఎంత చేరింది, అవి పెద్దగా లేని చోట ఎంత చేరింది అనే నిష్పత్తి మాత్రమే. మెదడు ఎంత పాడైందో చెప్పే లెక్క కాదు. వయసు పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. కెమెరా, సాఫ్ట్‌వేర్ మారితే అంకె కూడా మారుతుంది. అందుకే ఒక సెంటర్ అంకెను మరో సెంటర్ అంకెతో పోల్చకూడదు. పైగా వణుకు బయటపడే నాటికే ఈ నరాల్లో చాలా భాగం తగ్గిపోయి ఉంటాయి. కాబట్టి అంకె తక్కువ వచ్చినంత మాత్రాన రేపటికి మంచం పడతారని కాదు. ఎంఎస్ఏ, పీఎస్‌పీ లాంటి పార్కిన్సన్స్‌ను పోలిన జబ్బుల్లోనూ అంకె తగ్గుతుంది, వాటిని ఈ స్కాన్ విడదీయలేదు.

లక్షణాలు స్పష్టంగా ఉన్న పేషెంటుకి నేనైతే ఈ స్కాన్ రాయను, డబ్బు దండగ. మీ నాన్నగారి విషయంలో మాత్రం ఉపయోగం ఉంది. లెవోసల్పిరైడ్ ఈ నరాల కొసలను దెబ్బతీయదు. కాబట్టి స్కాన్ నార్మల్‌గా వస్తే మాత్ర మీదే అనుమానం బలపడుతుంది. తోక చెరిగి ఉంటే జబ్బు ముందే లోపల ఉందని, మాత్ర దాన్ని త్వరగా బయటపెట్టి ఉండవచ్చని అనుకోవాలి.

మాత్ర మార్చాక కొన్ని నెలలు చూసి, తేడా రాకపోతే అప్పుడు చేయించండి. ఆలోగా డిప్రెషన్‌కో, సిగరెట్ మానడానికో బుప్రోపియాన్ మొదలుపెట్టి ఉంటే స్కాన్‌కి ముందే చెప్పాలి, అది ఫలితాన్ని తారుమారు చేయగలదు. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో అరుస్తూ కాళ్లు చేతులు విసరడం ఎప్పుడైనా గమనించారా? పార్కిన్సన్స్‌లో ఇవి వణుకు కంటే ముందే కనిపించవచ్చు. అమ్మగారిని అడిగి, డాక్టర్‌ దగ్గరికి వెళ్లినప్పుడు ఆ వివరాలు కూడా చెప్పండి.