గుర్తింపు పనులు చేపట్టిన అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

బెంగళూరులోని మీ ఫార్మసీ కళాశాలలో ఐక్యూఏసీ (కళాశాల లోపలి నాణ్యతను చూసుకునే విభాగం) బాధ్యత నీకు అప్పగించారని మీ నాన్న చెప్పగా సంతోషించాను. ఇన్నేళ్లు ఇదే రంగంలో పనిచేసినవాడిగా నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదట ఆమోదం వేరు, గుర్తింపు వేరు అన్నది మీ యాజమాన్యానికి స్పష్టం చెయ్యి. 1948 నాటి ఫార్మసీ చట్టం 12వ సెక్షన్ కింద ఫార్మసీ కౌన్సిల్ ఆమోదించిన కోర్సు చదివితేనే మీ విద్యార్థులు ఫార్మసిస్టులుగా నమోదు కాగలరు కనుక అది తప్పనిసరి. గుర్తింపు నాణ్యతను చూసి ఇచ్చేది. అది ఇచ్చే సంస్థల్లో ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రిడిటేషన్) ఒక్కొక్క కోర్సును పరిశీలిస్తుంది; మీ ఊళ్లోనే ప్రధాన కార్యాలయం ఉన్న న్యాక్ (నేషనల్ అసెస్‌మెంట్ అండ్ అక్రిడిటేషన్ కౌన్సిల్) కళాశాలను మొత్తంగా చూస్తుంది. ఒకరి కోసం కట్టిన ఫైలునే అట్ట మార్చి మరొకరి ముందు పెట్టడం పనికిరాదు.

అన్నిటికంటే ముఖ్యం, ఏ రోజు రికార్డు ఆ రోజే రాయించడం. మాత్రలోని మందు ఎంత వేగంగా కరుగుతుందో కొలిచే డిసొల్యూషన్ పరికరం లాగ్‌బుక్కులో ఆరు నెలల ఎంట్రీలు ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ఉంటే, అనుభవమున్న పరిశీలకుడికి రెండో పేజీ తిప్పకుండానే సంగతి అర్థమైపోతుంది. ఆయన ఆ పుస్తకం పక్కన ప్రాక్టికల్ టైమ్‌టేబులు, రసాయనాల స్టాకు రిజిస్టరు పెట్టి తేదీలు సరిచూస్తాడు. కాబట్టి ప్రతి శనివారం నువ్వే ఒక ల్యాబుకు వెళ్లి ఆ మూడింటినీ పోల్చి చూడు. తేడా కనిపిస్తే ఉన్నది ఉన్నట్టు కారణం రాయించు. వెనకటి తేదీ వేయించడానికి మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. మందుల పరిశ్రమలో రేపు మన పిల్లలు రాయబోయే బ్యాచ్ రికార్డుల (ఒక్కో విడత మందు తయారీ వివరాల) నిజాయితీకి అలవాటు పడేది ఇక్కడే.

కోర్సు ఫలితాల సాధన పట్టికలను, అంటే కోర్సు నేర్పాల్సినది పిల్లలు ఎంతవరకు నేర్చుకున్నారో చూపే పట్టికలను, కేవలం మార్కుల సరాసరితో నింపి ఊరుకోవద్దు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్, దానితో ఆస్పిరిన్ కలిసి ఉన్న ప్రిస్క్రిప్షన్‌ను ఆఖరి ఏడాది విద్యార్థి చేతికిచ్చి, రక్తస్రావం ముప్పును గమనించి డాక్టరును సంప్రదించాలని తనంతట తాను చెబుతాడేమో చూడు. ఎక్కువమంది చెప్పలేకపోతే, బోధనలో ఏం మార్చారో, ఆ మార్పు తర్వాత ఫలితం ఎలా ఉందో రాసి ఉంచాలి. నాణ్యత పర్యవేక్షణ అంటే నా దృష్టిలో ఇదే.

మీ కళాశాలలో ఫార్మ్ డీ (ఆసుపత్రి శిక్షణతో సాగే ఫార్మసీ కోర్సు) కూడా ఉంది కనుక, 300 పడకల ఆసుపత్రితో ఒప్పందపత్రం ఉన్నంత మాత్రాన సరిపోదు. వార్డు రౌండ్లకు మీ పిల్లలను నిజంగా రానిస్తున్నారో లేదో ముందుగా చెప్పకుండా వెళ్లి చూసి, ఆ తర్వాతే వార్షిక నివేదికలో ఆ భాగం రాయి.

మీ పెదనాన్న