ఉష్ణమండల సముద్రాల్లో మెరైన్ బయాలజీ రీసెర్చ్ టెక్నీషియన్ పని ఎలా ఉంటుంది?

రోజంతా పగడాల మధ్య ఈత కొట్టడమే అనుకుంటే పొరపాటు. నీళ్లలో గడిపేది తక్కువ, ఒడ్డున పనే ఎక్కువ. డైవ్‌లో పగడపు దిబ్బ మీద కొలత టేపు పరిచి, దాని వెంట ఫొటోలు తీస్తూ, కనిపించిన జీవుల్ని ప్లాస్టిక్ పలక మీద పెన్సిల్‌తో రాసుకోవాలి. సముద్రం వేసవిలో ఉండే మామూలు గరిష్ఠ ఉష్ణోగ్రతను 1 డిగ్రీ దాటి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడాలు తమలోని సూక్ష్మ శైవలాలను (రంగునిచ్చే నాచు లాంటి జీవుల్ని) వదిలేసి తెల్లబడతాయి. అప్పుడు అదే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి, ఎన్ని కోలుకున్నాయో, ఎన్ని చచ్చిపోయాయో లెక్క తీయాలి. తిరిగొచ్చాక పరికరాలన్నీ మంచినీళ్లతో కడగాలి, ఉప్పు దేన్నీ వదలదు. ఆ తర్వాత ఫొటోల్లో జాతులు గుర్తించి కంప్యూటర్‌లోకి ఎక్కించడం. అసలు ఓపిక కావాల్సింది ఇక్కడే. స్కూబా సర్టిఫికెట్ చాలాచోట్ల అడుగుతారు. పడవ ఇంజను బాగుచేయడం వస్తే ఇంకా మంచిది, జోక్ కాదు.