ఆపరేషన్ అయ్యాక ఇంటికి తీసుకెళ్ళేదెవరు?

అమ్మకి మోకాలి ఆపరేషన్ అని నెల సెలవు పెట్టి వైజాగ్ వచ్చాను. ఎంవీపీ కాలనీలో మా పై ఫ్లోర్ అబ్బాయి ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తున్నాడు. నిన్న సాయంత్రం ఓ బిస్కెట్ల డబ్బా నిండా మందులు పట్టుకొచ్చి "అక్కా, ఇవి సరిపోతాయా?" అన్నాడు. డోలో 650 నాలుగు షీట్లు, కాంబీఫ్లామ్, మూడు రకాల యాంటీబయోటిక్స్, జండూ బామ్, వాళ్ళ నాయనమ్మ కట్టిచ్చిన పసుపు పొట్లం. చిన్న మెడికల్ షాపు పెట్టుకోవచ్చు. నేను అడిగింది ఒకటే: అక్కడ నీకేదైనా ఆపరేషన్ అయితే ఆస్పత్రి నుంచి ఇంటికి ఎవరు తీసుకెళ్తారు? తెల్లమొహం వేశాడు. ఈ ప్రశ్న నన్నూ ఎవరూ అడగలేదు, అందుకే రాస్తున్నాను.

నేను అమెరికా వెళ్ళిన మొదటి ఏడాదే నాకు అపెండిక్స్ తీయాల్సి వచ్చింది. రాత్రి పదకొండుకి ఎమర్జెన్సీకి వెళ్తే తెల్లారేసరికి లాపరోస్కోపీ (పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్) చేసేశారు, సాయంత్రానికల్లా నర్సు వచ్చి ఇంక ఇంటికి వెళ్ళొచ్చు అంది. నన్ను తరిమేస్తున్నారనే అనుకున్నాను, మనకి ఆపరేషన్ అంటే కనీసం మూడు రోజుల మంచం, పక్కన చాప మీద పిన్నో అత్తో, ఫ్లాస్కులో కాఫీ, యాపిల్ పళ్ళ సంచులతో వచ్చిపోయే చుట్టాలు కదా. అక్కడ మోకాలి ఆపరేషన్ వాళ్ళని కూడా చాలామందిని అదే రోజో మర్నాడో పంపేస్తారు. పైగా మత్తు ఇచ్చిన మనిషిని ఒంటరిగా టాక్సీ ఎక్కనివ్వరు, తెలిసినవాళ్ళు ఒకరు వచ్చి వెంటబెట్టుకెళ్ళాలి, ఆ రాత్రి పక్కన ఉండాలి. మా రూమ్మేట్ పరీక్ష రాసి వచ్చేదాకా వీల్‌చైర్‌లో కూర్చున్నాను. అక్కడ ఆస్పత్రి పని కోసి కుట్టేదాకానే, మిగతా వైద్యమంతా మీ గదిలో మీరే చేసుకోవాలి. కాబట్టి మందుల కన్నా ముందు, అర్ధరాత్రి ఫోన్ చేస్తే వచ్చే మనుషులిద్దరిని చూసుకోండి. మీరూ వాళ్ళకి అలా వెళ్ళండి.

ఆ రాత్రి నాకు పొట్ట కన్నా కుడి భుజం ఎక్కువ నొప్పి పెట్టింది. గుండెకేదో అయిందని ఒకటే ఏడుపు. తీరా చూస్తే లాపరోస్కోపీకి పొట్టలో నింపే కార్బన్ డయాక్సైడ్ కొంత మిగిలిపోయి డయాఫ్రమ్‌ని, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరాన్ని, ఇబ్బంది పెడుతుందట, ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది, మెల్లగా నడుస్తుంటే రెండు మూడు రోజుల్లో పోతుంది. ఇదంతా వాళ్ళిచ్చిన డిశ్చార్జి కాగితాల్లో రెండో పేజీలో ఉంది, నేను చదవలేదు. మీరు చదవండి, లేదా రూమ్మేట్ చేత చదివించుకోండి. ఇన్సూరెన్స్ కార్డు వెనక చాలావాటికి నర్సు లైన్ నంబరు ఉంటుంది, రాత్రి రెండింటికైనా నర్సుతో మాట్లాడొచ్చు.

అసలు కష్టం మూడో రోజు. నొప్పికి ఆక్సీకోడోన్ లాంటి మాత్రలిస్తే అవి పేగుల్ని పడుకోబెడతాయి. సిగ్గుపడి ఎవరూ చెప్పరు కానీ కుట్ల నొప్పి కన్నా మలబద్ధకం బాధే ఎక్కువ. ఇంటికి వచ్చేముందే దానికి ఏ మందు వేసుకోవాలో అడిగేయండి, నీళ్ళు బాగా తాగండి, మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి గదిలో నాలుగడుగులు వేయండి. ఆ నడక కాళ్ళలో రక్తం గడ్డ కట్టకుండా కూడా పనికొస్తుంది. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా దిండు పొట్టకి అదుముకోండి. డాక్టరు సరే అనేదాకా ఇండియన్ స్టోర్లో ఆ ఇరవై పౌన్ల బియ్యం బస్తా ఎత్తకండి.

ఇంక మా అమ్మ. వీడియో కాల్లో మొదటి మాట: "పప్పు ముట్టుకోకే తల్లీ, చీము పడుతుంది." వంకాయ వద్దు, గోంగూర వద్దు, పెరుగు వద్దు, చారన్నం మాత్రమే. వారం రోజులు ఆ పత్యమే చేశాను. గాయం మానాలంటే ప్రొటీన్ కావాలి, మనలో చాలామందికి పప్పూ పెరుగే ప్రొటీన్, వాటినే మానేశాను. చెకప్‌కి వెళ్తే నీరసంగా ఉన్నావేమని అడిగి, సర్జన్ నా తిండి సంగతి విని కాసేపు ఏం మాట్లాడలేదు. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, కందిపప్పు వల్ల కాదు. డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప అన్నీ తినండి.

డబ్బాలో మందుల సంగతి. డోలోలో ఉండే పారాసెటమాల్‌నే అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ అదే. తమాషా ఏంటంటే అది చాలావాటిలో దాక్కుని ఉంటుంది: ఆపరేషన్ తర్వాత ఇచ్చే పెర్కోసెట్‌లో, జలుబుకి తాగే నైక్విల్‌లో, మన కాంబీఫ్లామ్‌లో కూడా. అన్నీ కలిపి రోజుకి 4 గ్రాములు దాటితే లివర్‌కి ప్రమాదం, అంటే డోలో 650 ఆరు మాత్రలకే హద్దు దగ్గరికి వచ్చేశారన్నమాట. నొప్పులకి ఇక్కడ వాడే నిమెసులైడ్‌కి అమెరికాలో అనుమతే లేదు, తీసుకెళ్ళకండి. యాంటీబయోటిక్ మాత్రలు అక్కడ చీటీ లేకుండా ఇవ్వరు, అందుకని ఇక్కడ జగదాంబ దగ్గర కొనుక్కెళ్ళి ఒళ్ళు వెచ్చబడినప్పుడల్లా రెండు వేసుకునేవాళ్ళని చూశాను, జలుబుకి అవి పనిచేయవు. మీరు రోజూ వాడే మందులుంటే షీట్లు చింపకుండా, డాక్టరు చీటీతో పెట్టుకోండి.

చిన్న దెబ్బల్లో ఎక్కువ మన వంటింటివే. పోపులో నూనె చిందినా, కుక్కర్ ఆవిరి కొట్టినా వెంటనే గాజులూ ఉంగరాలూ తీసేసి కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టండి, గడియారం చూసుకుని మరీ. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు, పసుపు వద్దు, మా చిన్నప్పుడు రాసిన ఇంకు అసలే వద్దు. బొబ్బ చిదపకండి. మొహం మీదో, కీళ్ళ మీదో, మీ అరచెయ్యి కన్నా పెద్దగానో కాలితే డాక్టరుకి చూపించాల్సిందే. కత్తితో చెయ్యి తెగితే కాఫీపొడి అద్దకుండా శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టండి, మధ్యమధ్యలో ఎత్తి చూడకండి. ఆగకపోయినా, నోరు తెరుచుకున్నట్టున్నా కుట్లు పడాలి, మర్నాటిదాకా ఆగొద్దు.

రెండోది మంచు. రుషికొండ ఇసుకలో పరిగెత్తిన కాళ్ళకి నేల మీద కనపడకుండా పేరుకునే ఆ గాజు లాంటి మంచు సంగతి తెలీదు. పడుతూ చెయ్యి ఆన్చుతాం, మణికట్టు పోతుంది. చీలమండ బెణికితే నాలుగడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించండి. వేయగలిగితే ఐసు గుడ్డలో చుట్టి పావుగంట చొప్పున, క్రేప్ బ్యాండేజ్, కాలు ఎత్తులో. మొదటి రెండు రోజులు తైలంతో మర్దనా వద్దు, వాపు పెరుగుతుంది. పుత్తూరు కట్టు అక్కడ దొరకదు లెండి.

డబ్బు విషయం. ఇక్కడ 108 ఉచితం కదా, అక్కడ అంబులెన్స్ బిల్లు వెయ్యి డాలర్లు దాటడం మామూలే. బెణుకులకీ చిన్న గాయాలకీ అర్జెంట్ కేర్ అనే చిన్న క్లినిక్‌లకి వెళ్ళండి, ఎమర్జెన్సీ కన్నా చాలా చవక. కానీ ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, ఆగని రక్తం, తలకి దెబ్బ తగిలి స్పృహ తప్పడం, వీటికి బిల్లు లెక్కేసుకుంటూ కూర్చోకండి, 911 కొట్టండి. ఆపరేషన్ తర్వాత 101 దాటిన జ్వరం, కుట్ల చుట్టూ ఎరుపు పాకడం, చీము, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు సర్జన్ ఆఫీసుకి ఫోన్ చేయాలి. బిల్లు వచ్చాక కంగారుపడి కట్టేయకుండా వివరంగా పద్దుల బిల్లు అడగండి. లాభాపేక్ష లేని ఆస్పత్రులకి ఆర్థిక సాయం పథకం ఉండి తీరాలని అక్కడి చట్టం. దరఖాస్తు పెట్టుకుని నా బిల్లులో సగం పైగా తగ్గించుకున్నాను.

పై ఫ్లోర్ అబ్బాయి డబ్బా సగం ఖాళీ చేశాడు. ఆఖరిసారి టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నావంటే గుర్తులేదన్నాడు, పదేళ్ళు దాటితే ఇక్కడే వేయించుకుని సర్టిఫికెట్ పట్టుకెళ్ళమన్నాను. పసుపు పొట్లం కూరల్లోకి ఉంచుకున్నాడు. అమ్మకి ఇది తొమ్మిదో రోజు, వాకర్ పట్టుకుని బాల్కనీ దాకా వస్తోంది. ఎంత చెప్పినా పప్పు మాత్రం ముట్టట్లేదు, గుడ్డుకి ఒప్పుకుంది.