టెక్ సందేహాలు: పెట్రోల్ వాసన, నల్ల పొగ... కార్బురేటరే మార్చాలా?

ప్రశ్న: మాది కార్బురేటర్ ఉన్న పాత చిన్న కారు. పొద్దున్నే ఇబ్బంది లేకుండా స్టార్ట్ అవుతుంది. కాస్త తిరిగొచ్చి ఆపి, పావుగంట తర్వాత మళ్లీ తీయబోతే సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది కానీ ఇంజిన్ అందుకోదు. పెట్రోల్ వాసన గుప్పుమంటుంది. అందుకున్నాక కాసేపు నల్ల పొగ. మైలేజీ కూడా బాగా పడిపోయింది. ట్యూనింగ్ రెండుసార్లు చేయించాను. ఇప్పుడు కార్బురేటరే మార్చాలంటున్నారు. మార్చేయమంటారా?

జవాబు: అప్పుడే వద్దు. ఈ శీర్షికకు ఫోన్లు, లాప్‌టాప్‌ల సందేహాలే ఎక్కువగా వస్తుంటాయి. అక్కడ పనికొచ్చే పద్ధతే ఇక్కడా పనికొస్తుంది. తప్పు ఎక్కడుందో తేలకముందే పార్టులు మార్చకూడదు.

పెట్రోల్ ఇంజిన్‌లో కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ రెంటినీ కలిపి ఇంజిన్‌కు పంపేదే కార్బురేటర్. మీ ఇంజిన్‌కు ఆ లెక్క మించి పెట్రోల్ వెళ్తోంది. ట్యూనింగ్‌లో తిప్పే మిక్చర్ స్క్రూ ఐడ్లింగ్‌లో, అంటే బండి నిలబడి ఉండగా ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు వెళ్లే మిశ్రమాన్ని మాత్రమే సర్దుతుంది. ఫ్లోట్ చాంబరే పొంగుతుంటే ఆ స్క్రూను ఎన్నిసార్లు తిప్పినా ప్రయోజనం ఉండదు. పైగా సరిగ్గా ఉన్న సెట్టింగ్ కూడా చెడుతుంది.

ఫ్లోట్ చాంబర్ అంటే కార్బురేటర్‌లో పెట్రోల్ నిలవుండే చిన్న గిన్నె. ఫ్లష్ ట్యాంకులో బంతి పైకి లేచి నీళ్లను ఆపినట్టే, ఇందులో ఫ్లోట్ తేలి, పెట్రోల్ వచ్చే దారిలో సూదిలా ఉండే నీడిల్ వాల్వ్‌ను మూస్తుంది. అది పూర్తిగా మూసుకోకపోతే పెట్రోల్ పొంగి ఇంజిన్‌లోకి దిగుతుంది.

ముందు ఒక పరీక్ష చేయండి. దగ్గర్లో మంట, సిగరెట్ ఉండకూడదు. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, ఇంజిన్‌ను ఐడ్లింగ్‌లో ఉంచి, కాస్త దూరం నుంచే టార్చి వేసి కార్బురేటర్ గొంతులోకి చూడండి. ఒక్కోసారి బ్యాక్‌ఫైర్ అయి మంట వెనక్కి చిమ్ముతుంది కాబట్టి ముఖం దగ్గర పెట్టొద్దు. ఐడ్లింగ్‌లో మెయిన్ నాజిల్ (గొంతులోకి పెట్రోల్ వదిలే సన్నని గొట్టం) నుంచి చుక్క పడకూడదు. పడుతుంటే గిన్నె పొంగుతున్నట్టే. అప్పుడు బాగుండి, వేడి ఇంజిన్ ఆపిన కొన్ని నిమిషాలకు చుక్కలు మొదలైతే, ఇంజిన్ వేడికి గిన్నెలో పెట్రోల్ మరిగి పొంగుతోందన్నమాట. అలాంటప్పుడు కార్బురేటర్ కింద ఉండే వేడి ఆపే ఇన్సులేటర్ దిమ్మ, గాస్కెట్లు చూడాలి. వేడి మీద మొరాయించడం ఒక్కటే అయితే నేనూ ఇదే అనుకునేవాణ్ని. కానీ మైలేజీ కూడా పడిపోయింది కాబట్టి నా అనుమానం నీడిల్ వాల్వ్ మీదే.

ఫ్లోట్ చాంబర్ విప్పించి, నీడిల్ కొన దగ్గర వేలి గోరుతో తడమండి. చుట్టూ సన్నని గాడి తగిలితే అది అరిగిపోయింది. నీడిల్ ఒక్కటే కాదు, అది ఆనుకుని మూసే సీటు కూడా కలిపి మార్చాలి. అరుగుదల లేకపోతే మధ్యలో నలుసు ఇరుక్కుని ఉండొచ్చు, ఫ్యూయల్ ఫిల్టర్ కూడా మార్చేయండి. ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల పెట్రోల్ కదిలిన చప్పుడైతే దానికి చిల్లు పడింది. చల్లటి ఇంజిన్ అందుకునేందుకు గాలి తగ్గించే చోక్ కూడా చూడండి: ఇంజిన్ వేడెక్కాక దాని రేకు పూర్తిగా తెరుచుకోవాలి.

చాలామంది మరిచిపోయేది రిటర్న్ పైపు. మిగులు పెట్రోల్‌ను ట్యాంకుకు పంపే ఈ పైపు మూసుకుపోతే పంపు ఒత్తిడి అంతా నీడిల్ మీదే పడుతుంది. ఎవరైనా ఎలక్ట్రిక్ పంపు బిగించి ఉంటే దాని ఒత్తిడి కనుక్కోండి. కార్బురేటర్‌కు 3, 4 పీఎస్‌ఐ (టైర్ల గాలి కొలిచే కొలమానమే) చాలు. ఇంజెక్షన్ కార్ల పంపులు చాలావరకు 40 దాటి ఇస్తాయి, ఆ ధాటికి కొత్త నీడిల్ కూడా ఆగదు.

దారిలో ఇంజిన్ ఫ్లడ్ అయితే, అంటే పెట్రోల్ ఎక్కువై అందుకోకపోతే, యాక్సిలరేటర్‌ను పదేపదే తొక్కకండి, తొక్కిన ప్రతిసారీ ఇంకాస్త పెట్రోల్ చిమ్ముతుంది. చోక్ తీసేసి, పెడల్‌ను అడుగుదాకా నొక్కి పట్టి, ఐదారు సెకన్లు సెల్ఫ్ ఇవ్వండి. అందుకోగానే మెల్లగా వదలండి. బయట పెట్రోల్ కారుతూ కనిపిస్తే మాత్రం సెల్ఫ్ జోలికే వెళ్లొద్దు.

ఇంకొకటి, ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ (డిప్‌స్టిక్) తీసి వాసన చూడండి. ఆయిల్‌లో పెట్రోల్ వాసన వస్తున్నా, మట్టం పెరిగినా బండి నడపకండి. ఆయిల్ పలుచబడితే బేరింగులు అరిగిపోతాయి. మెకానికల్ పెట్రోల్ పంపులోని పొర (డయాఫ్రమ్) చిరిగినా ఇలాగే అవుతుంది, దాన్నీ చూపించండి. ఇవన్నీ సరిగ్గా ఉండి, కార్బురేటర్ బాడీయే వంగిపోయిందనో, యాక్సిలరేటర్‌తో తిరిగే థ్రాటిల్ షాఫ్ట్ వదులైందనో తేలితే అప్పుడు కొత్తది కొనండి.

ప్రశ్న: చాలా నెలలు కదపకుండా ఉంచిన కార్బురేటర్ కారు చోక్ వేస్తేనే నడుస్తోంది. చోక్ తీయగానే ఆగిపోతోంది. ఇదీ ఓవర్‌ఫ్లోనేనా?

జవాబు: కాదు, దానికి పూర్తిగా రివర్స్. ఇక్కడ పెట్రోల్ చాలడం లేదు. నిలవ పెట్రోల్‌లో తేలిగ్గా ఆవిరయ్యే భాగం పోయి, జిగురు జెట్లలో (కార్బురేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్నని రంధ్రాల బిళ్లలు) గట్టిపడి ఉంటుంది. పాత పెట్రోల్ తీయించి, జెట్లను కార్బురేటర్ క్లీనర్‌తో కడిగి గాలి కొట్టించండి. తీగ మాత్రం దూర్చనివ్వకండి. జెట్లు మెత్తని ఇత్తడివి, రంధ్రం కాస్త పెద్దదైనా ఆ జెట్టు ఇక పనికిరాదు.