లింకన్ పార్టీకి నల్లవాళ్లు ఎందుకు దూరమయ్యారు?

ప్రశ్న: సార్, నేను సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాను. మా బిడ్డ, అల్లుడు అమెరికాలో ఉంటారు. బానిసత్వాన్ని రద్దు చేసిన లింకన్‌ది రిపబ్లికన్ పార్టీ అని చిన్నప్పుడు చదువుకున్నాం. మరి అక్కడి నల్లవాళ్లలో ఎక్కువమంది డెమోక్రాట్లకు ఓటేస్తారంటున్నారు. ఇదేం తిరకాసు?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: మన దగ్గర ఎన్నికల ముందు నాయకులు కండువాలు మారుస్తారు. అమెరికాలో ఓటర్లే పార్టీ మారారు, అదీ రెండు మూడు తరాలు పట్టింది. హనుమకొండలో నేను డిగ్రీ పిల్లలకు ఈ పాఠం చెప్పినన్నాళ్లూ అందరూ మీరు అడిగిన చోటే ఆగేవాళ్లు.

1854లో బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకకూడదని పుట్టిన పార్టీ రిపబ్లికన్. 1870లో రాజ్యాంగ సవరణతో ఓటు హక్కు వచ్చిన నల్లవాళ్లు సహజంగానే దానికి ఓటేశారు. దక్షిణాది తెల్లవాళ్లు డెమోక్రాట్లు. ఓటుకు పన్ను, చదువు పరీక్ష లాంటివి పెట్టి అక్కడ నల్లవాళ్లను పోలింగ్ దగ్గరికే రానివ్వలేదు.

మలుపు తిప్పింది ఆకలి. 1929 తర్వాత ఆర్థిక మాంద్యంలో ఉద్యోగాలు పోయాయి. డెమోక్రాట్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పనులు చూపించాడు. 1936 నాటికి ఉత్తరాది నగరాల్లోని నల్లవాళ్లు ఆయన వైపు వచ్చేశారు. అట్లా చికాగో నల్ల కార్మికుడు, మిసిసిపీ తెల్ల భూస్వామి ఒకే పార్టీలో ఉన్నారు. ఒక ఒరలో రెండు కత్తులు ఎన్నాళ్లు ఇముడుతాయి?

1964లో జాతి వివక్షను నిషేధించే పౌరహక్కుల చట్టం వచ్చింది. సంతకం పెట్టింది డెమోక్రాట్ అధ్యక్షుడు జాన్సన్. సెనేట్‌లో 33 మంది రిపబ్లికన్లలో 27 మంది, 67 మంది డెమోక్రాట్లలో 46 మంది దాన్ని బలపరిచారు. 'మేమే ఎక్కువ మద్దతిచ్చాం' అని రిపబ్లికన్లు ఇప్పటికీ అంటారు, లెక్క ప్రకారం నిజమే. కానీ వ్యతిరేకించిన ఆరుగురిలో ఒకడైన గోల్డ్‌వాటర్‌నే ఆ ఏడాది అధ్యక్ష అభ్యర్థిగా నిలబెట్టారు. చిత్తుగా ఓడిపోయాడు. గెలిచింది సొంత రాష్ట్రం అరిజోనా, దాంతోపాటు ఐదు దక్షిణాది రాష్ట్రాలు. వాటిలో జార్జియా అంతకుముందు ఒక్కసారి కూడా రిపబ్లికన్‌ను గెలిపించలేదు. నా మటుకు, లింకన్ పార్టీ లింకన్‌ది కాకుండా పోయిన ఏడాది అదే.

నాయకులు అసలు మారలేదని కాదు. సౌత్ కరోలినా సెనేటర్ థర్మండ్ అదే ఏడాది రిపబ్లికన్లలో చేరాడు. ఆ బిల్లుకు అడ్డంపడి పద్నాలుగు గంటలకు పైగా మాట్లాడిన వెస్ట్ వర్జీనియా సెనేటర్ బర్డ్ మాత్రం తర్వాత పశ్చాత్తాపపడి, 2010లో చనిపోయేదాకా డెమోక్రాట్‌గానే ఉన్నాడు.

వెస్ట్ వర్జీనియా పేరు మీరు గుర్తుపెట్టుకోవాలి, అది బొగ్గుబాయిల రాష్ట్రం. గని కార్మికులు, వాళ్ల యూనియన్ దశాబ్దాలపాటు డెమోక్రాట్లకు వెన్నుదన్ను. 1996లో క్లింటన్‌ను గెలిపించారు. యంత్రాలొచ్చి పనులు తగ్గాయి, యూనియన్ బలం కరిగింది, కాలుష్యం పేరుతో డెమోక్రాట్లు బొగ్గు మీదికి వస్తున్నారన్న కోపం పెరిగింది. 2000 నుంచి ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ అక్కడ రిపబ్లికన్లదే గెలుపు. దీనికి జాతి ఒక్కటే కారణమని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను.

ఇంకో ముచ్చట. ఎన్నికల రాత్రి టీవీ మ్యాపులో ఎరుపు కనబడితే ఎర్రజెండా అనుకునేరు. అది రిపబ్లికన్ల రంగు. 2000 ఎన్నికలకు ముందు ఒక్కో ఛానెల్ తనకు తోచిన రంగు వేసేది.